చీమిడి ముక్కు బొమ్మకు ఇంత ధరా? గార్బేజ్ పెయిల్ కిడ్స్ వెనకున్న లెక్కలు

కిందటి వేసవిలో మా వీధి చివర ఒకరు ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెట్టారు. పాత టోస్టరు, గోల్ఫ్ కర్రలు, గొలుసు ఊడిన పిల్లల సైకిలు, వాటి మధ్య ఒక బూట్ల డబ్బా. మూత తీస్తే రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట. ఆ బ్యాండు ఎప్పుడో ఎండిపోయి పై కార్డుకు అతుక్కుపోయింది. కార్డు మీద బూరెబుగ్గల పాప. రెండు ముక్కుల్లోంచి చీమిడి తీగపాకంలా సాగుతోంది. పేరు మెస్సీ టెస్సీ. మూడు డాలర్లిచ్చి కట్ట మొత్తం తెచ్చుకున్నాను. మా ఆవిడ ఒక్కటంటే ఒక్కటి చూసి "ఛీ, ముందు ఆ అన్నం బల్ల మీంచి తియ్యండి" అంది. మర్నాడు ఆఫీసులో యాభై ఏళ్ల అమెరికన్ ఆయనకు ఫొటో చూపిస్తే మాత్రం ఆయన మొహం పదేళ్ల పిల్లాడిదైపోయింది. "మొదటి సిరీస్‌వి ఏమైనా ఉన్నాయా?" అన్నదే ఆయన అడిగిన మొదటి మాట.

ఇవి గార్బేజ్ పెయిల్ కిడ్స్. అంటే చెత్తడబ్బా పిల్లలు. 1980ల్లో అమెరికా బళ్లలో పిల్లలు పిచ్చెక్కినట్టు పోగేసిన స్టిక్కర్ కార్డులు. కోవిడ్ లాక్‌డౌన్ల రోజుల్లో పాత కార్డుల బేరాలు ఒక్కసారిగా ఊపందుకున్నాయి. వాటితోపాటు వీటి పేరూ మళ్లీ పైకొచ్చింది. ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు అటక మీద ఇలాంటి డబ్బా దొరికి "ఇవి వేలల్లో పోతాయటగా?" అని అడగడం నేనే రెండు మూడు సార్లు విన్నాను. చాలావరకు పోవు. కొన్ని పోతాయి. ఏది పోతుందో, ఏది పోదో తెలియాలంటే కొంచెం చరిత్ర, కొంచెం చట్టం, కొంచెం చిన్నప్పటి లెక్కలు కావాలి.

క్యాబేజీ మడిలో పుట్టిన పిల్లలు, చెత్తడబ్బాలో పుట్టిన పిల్లలు

ముందు క్యాబేజ్ ప్యాచ్ కిడ్స్ అనే బొమ్మల సంగతి తెలియాలి. గుడ్డతో చేసిన ఒళ్లు, ఉబ్బిన బుగ్గలు, దగ్గరగా ఉన్న కళ్లు. ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవని కంపెనీ చెప్పుకునేది. వాటిని "కొనడం" ఉండదు, "దత్తత" తీసుకోవాలి. ప్రతి బొమ్మతోనూ పేరు రాసిన దత్తత పత్రం వచ్చేది. జార్జియా రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ అనే చిన్న ఊళ్లో, ఈ బొమ్మల వ్యాపారం నడిపిన జేవియర్ రాబర్ట్స్ వీటి కోసం ఏకంగా "ఆసుపత్రి" పేరుతో దుకాణమే పెట్టాడు. కోలెకో కంపెనీ వీటిని పెద్దయెత్తున తయారుచేసి వదిలాక, 1983 క్రిస్మస్‌కు దుకాణాల్లో అమ్మానాన్నలు ఒకరినొకరు తోసుకుని, కొట్టుకునేదాకా వెళ్లింది వ్యవహారం.

అంత ముద్దు ఒకచోట పోగుపడితే దాన్ని వెక్కిరించేవాడు ఎక్కడో తయారవుతాడు. ఇక్కడ ఆ వెక్కిరింత బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ నుంచి వచ్చింది. 1938లో మొదలైన ఈ చూయింగ్ గమ్ కంపెనీ గమ్ అమ్ముకోవడానికి బేస్‌బాల్ కార్డులు జతచేసి, చివరికి గమ్ కన్నా కార్డులతోనే ఎక్కువ పేరు తెచ్చుకుంది. దుకాణాల్లో దొరికే సబ్బులు, సూపుల లేబుళ్లను వెక్కిరిస్తూ వ్యాకీ ప్యాకేజెస్ అనే స్టిక్కర్లు వాళ్లు 1967 నుంచే వేస్తున్నారు. 1973లో అవి బాగా ఆడాయి. ఆ వరసలో మరో బొమ్మగా అనుకున్నదే చెత్తడబ్బా పిల్ల. ఒక బొమ్మతో ఆపడం దేనికి, మొత్తం సిరీసే వేద్దాం అనుకున్నారు.

ఈ ఆలోచనల బృందంలో ఆర్ట్ స్పీగెల్‌మన్ ఉన్నాడు. నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డ తన తండ్రి కథను బొమ్మల్లో చెప్పి 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం అందుకున్నది ఈయనే. పగలు వాంతి చేసుకునే పిల్లల బొమ్మలు, రాత్రి ఆష్‌విట్జ్! జీతం కోసం చేసేది, ప్రాణం పెట్టి చేసేది రెండూ ఒకే బల్ల మీద నడుస్తాయని నమ్మడానికి ఇంతకన్నా ఏం కావాలి. ఆయనతోపాటు మార్క్ న్యూగార్డెన్ అనే కార్టూనిస్టు ఉన్నాడు. మొదటి సిరీస్ బొమ్మలన్నీ వేసిన చెయ్యి మాత్రం ఒక్కటే, జాన్ పౌండ్‌ది. తర్వాతి సిరీస్‌లకు టామ్ బంక్, జేమ్స్ వార్హోలా లాంటివాళ్లు వచ్చి కలిశారు. ఈ వార్హోలా, పేరు చూసి మీరు అనుకుంటున్నట్టే, పేరుమోసిన పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్‌కు అన్న కొడుకు.

1985లో మొదటి సిరీస్ వచ్చింది. ప్యాకెట్టు 25 సెంట్లు. లోపల ఐదు స్టిక్కర్లు, ఒక గమ్ ముక్క. 1988 దాకా అమెరికాలో 15 సిరీస్‌లు వచ్చాయి. వీటినే ఇప్పుడు "ఒరిజినల్ సిరీస్" అంటారు. ఆ తర్వాత చాలాకాలం ఆగి, 2003లో కొత్త బొమ్మలతో మళ్లీ మొదలుపెట్టారు. 2022 జనవరిలో టాప్స్ కార్డుల వ్యాపారాన్ని ఫనాటిక్స్ అనే కంపెనీ కొనేసింది.

ఎనిమిదో నంబరు కార్డు

అన్నిటికన్నా పేరున్న కార్డు మొదటి సిరీస్‌లో ఎనిమిదోది. పేరు ఆడమ్ బాంబ్. ఒక బుడ్డోడు కూర్చుని నవ్వుతూ చేతిలోని మీట నొక్కుతుంటాడు. అదే క్షణాన వాడి నెత్తి పగిలి పుట్టగొడుగు మేఘం లేస్తుంటుంది. అమెరికా, రష్యాల మధ్య అణ్వాయుధాల పోటీ నడుస్తున్న రోజులవి. "ఆటమ్ బాంబ్"ను "ఆడమ్" చేస్తే చాలు, ఆ టెన్షన్ అంతా పిల్లల స్టిక్కర్ మీదికి వచ్చేసింది. మీట నొక్కినవాడి తలే పేలుతోంది కదా అన్నది నలభై దాటాక చూస్తేగానీ తట్టదు. పదేళ్లప్పుడు కనిపించేది పేలిన తలకాయే.

ఈ కార్డు మీద మూలన 8ఎ అని ఉంటుంది. ఇదే బొమ్మతో 8బి కూడా ఉంది. పేరొక్కటే వేరు, బ్లాస్టెడ్ బిల్లీ. మొత్తం సిరీస్ ఇంతే. బొమ్మ ఒకటి, పేర్లు రెండు. మొదటి సిరీస్‌లో 41 బొమ్మలు, 82 కార్డులు. దీనివల్ల కంపెనీకి రెండు లాభాలు. ఒకే బొమ్మ రెండుసార్లు అమ్ముడుపోతుంది. పైగా తరగతిలో ఎవరో ఒకరి పేరు కార్డు మీద దొరికే అవకాశం రెట్టింపవుతుంది. తన పేరు దొరికినవాడు కొంటాడు. పక్కవాడి పేరు దొరికినవాడు ఇంకా ఉత్సాహంగా కొంటాడు.

పేర్లన్నీ ప్రాసల మీదా శ్లేషల మీదా నడుస్తాయి. వాంతి చేసుకునే పిల్లాడు అప్ చక్, రెండో పేరు హీవిన్ స్టీవెన్. టాయిలెట్‌తో కనిపించేవాడు పాటీ స్కాటీ. కరెంటు కుర్చీలో మాడుతున్నవాడు ఫ్రయిన్ బ్రయన్, వాడి రెండో పేరు ఎలక్ట్రిక్ బిల్. బిల్ మనిషి పేరూ అవుతుంది, కరెంటు బిల్లూ అవుతుంది. వీటిని తెలుగులోకి తేవాలంటే అర్థం కాదు తేవాల్సింది, బడి గోల తేవాలి. చీమిడి చిట్టి, వాంతుల వాసు, పిత్తుల పిచ్చయ్య. మనం ఏడో తరగతిలో కట్టని పేర్లా ఇవి?

ఇక ఆ కార్డు కట్టుబడి. ముందువైపు పై పొర స్టిక్కరు. బొమ్మ అంచు చుట్టూ ముందే కోత పెట్టి ఉంటుంది, గోటితో లేపితే పిల్లాడి ఆకారం వరకు ఊడొస్తుంది. వెనకవైపు దళసరి అట్ట. దాని మీద దొంగ సర్టిఫికెట్లు, పెద్ద బొమ్మలో ఒక ముక్క, కొన్నిటి మీద మొత్తం సిరీస్ పేర్ల జాబితా ఉంటాయి. ఆ జాబితానే చెక్‌లిస్ట్ అంటారు. ఒకసారి స్టిక్కరు ఊడదీస్తే కార్డు పోయినట్టే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ధరల కథంతా ఇక్కణ్నుంచే మొదలవుతుంది.

ఛీ అంటూనే మళ్లీ చూడటం

అసహ్యం గురించి జీవితమంతా పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్. 1986లో, అంటే సరిగ్గా ఈ స్టిక్కర్ల మోజు నడుస్తున్న ఏడాది, ఆయన తన సహచరులతో కలిసి ఒక ప్రయోగం ప్రచురించాడు. మామూలు చాక్లెట్ మిఠాయినే కుక్క పెంట ఆకారంలో పోసి పెద్దవాళ్ల ముందు పెట్టాడు. చాక్లెట్టేనని తెలిసీ చాలామంది తినడానికి వెనకాడారు. అసహ్యం వస్తువులో ఉండదు, మనం దానికి అంటించిన అర్థంలో ఉంటుందని ఆయన చెప్పదలుచుకున్నది.

రెండేళ్ల లోపు పిల్లలకు ఈ గొడవ లేదు. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. "ఛీ, కక్క!" అని మనం చెప్పగా చెప్పగా, బడికి వెళ్లే వయసుకు అసహ్యం ఒక నియమంలా కుదురుకుంటుంది. ఆరు నుంచి పదేళ్ల వయసులో ఆ నియమం ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందుకే దాన్ని కావాలని మీరి చూడటంలో అంత మజా. మీరినా ఏమీ కాదన్న ధీమా కూడా ఉండాలి. నిజంగా ఎవడైనా పక్కన వాంతి చేసుకుంటే పిల్లలు నవ్వరు, పారిపోతారు. బొమ్మలో చేసుకుంటే నవ్వుతారు. తప్పు జరగాలి, కానీ ఎవరికీ దెబ్బ తగలకూడదు. నవ్వుకు ఈ రెండూ ఒకేసారి కావాలని పీటర్ మెక్‌గ్రా, కాలెబ్ వారెన్ అనే పరిశోధకులు 2010లో ప్రతిపాదించారు.

ఈ సిద్ధాంతం చక్కగానే ఉంది కానీ "ఎవరికీ దెబ్బ తగలకూడదు" అన్నదగ్గరే పేచీ. ఎవరికి తగలనట్టు?

బడి, టీవీ, ఆ తర్వాత కోర్టు

చాలా బళ్లు వీటిని నిషేధించాయి. టీచర్ల వాదనలో బలం లేకపోలేదు. పాఠం మధ్యలో బేరాలు, దెబ్బలాటలు సరే. అసలు బాధ పేర్లతో వచ్చింది. మొహం మీద మొటిమలున్న ఆమీ అనే అమ్మాయికి ఆక్నీ ఆమీ అనే కార్డు చేతిలో పెడితే అది తనకు నవ్వు కాదు. రెండో సిరీస్‌లో మానసిక జబ్బును వెక్కిరించే స్కిట్జో ఫ్రాన్ అనే పేరును మధ్యలోనే ఆపి ఫ్రాన్ ఫ్రాన్ అని మార్చారు. 1987లో సీబీఎస్ టీవీ కోసం తయారైన కార్టూన్‌ను తల్లిదండ్రుల వ్యతిరేకత చూసి ప్రసారం చేయకుండానే పక్కన పెట్టేశారు. అదే ఏడాది వచ్చిన సినిమా బోల్తా పడింది, అది ఏ నిషేధం వల్లా కాదు, బాగోలేక.

రెండో పక్క వాదన కూడా వినాలి. పెద్దవాళ్లు అమ్మిన ముద్దుబొమ్మల వ్యాపారాన్ని పిల్లలు తమ పాతిక సెంట్లతో వెక్కిరించగలిగారని, అలాంటి సరుకు పిల్లలకు అరుదుగా దొరుకుతుందని దాన్ని సమర్థించేవాళ్లు అంటారు. ఆక్నీ ఆమీ విషయంలో నేను టీచర్ల పక్షం, ఆడమ్ బాంబ్ విషయంలో పిల్లల పక్షం. రెంటినీ ఒకే గాటన కట్టడమే ఈ చర్చలో జరిగిన పొరపాటని నాకనిపిస్తుంది.

క్యాబేజ్ ప్యాచ్ బొమ్మల హక్కులున్న ఒరిజినల్ అపలాచియన్ ఆర్ట్‌వర్క్స్ కంపెనీ మాత్రం చర్చ పెట్టుకోలేదు, నేరుగా జార్జియాలోని ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. ప్రశ్న ఇది. ఇంకొకరి సృష్టిని వెక్కిరించడానికి దాని పోలికలు వాడుకుంటే అది దొంగతనమా, పేరడీయా? అమెరికా చట్టంలో "ఫెయిర్ యూజ్" అని ఒక వెసులుబాటుంది. విమర్శ, వ్యాఖ్యానం లాంటి పనులకు అనుమతి లేకుండానే కొంత వాడుకోవచ్చు. టాప్స్ ఆ గొడుగు కింద నిలబడింది. కోర్టు ఒప్పుకోలేదు. ఇందులో వ్యాఖ్యానం కన్నా డబ్బు సంపాదనే ప్రధానంగా కనబడుతోందంటూ 1986లో మధ్యంతర నిషేధం ఇచ్చింది. తర్వాత రెండు పక్షాలూ బయట రాజీ పడ్డాయి. పిల్లల ఆకారాన్ని, పేరు పట్టీని ఆ బొమ్మల పోలిక తగ్గేలా మార్చడానికి టాప్స్ ఒప్పుకుంది. చివరి సిరీస్‌ల పిల్లలు మొదటివాళ్లలా కాకుండా కాస్త గట్టి ప్లాస్టిక్ బొమ్మల్లా కనిపించేది అందుకే.

అదే కేసు ఈనాడు వేస్తే ఏమయ్యేది? 1994లో ఒక ర్యాప్ బృందం పేరడీ పాట కేసులో అమెరికా సుప్రీంకోర్టు, డబ్బు కోసం చేసినంత మాత్రాన పేరడీ ఫెయిర్ యూజ్ కాకుండా పోదని చెప్పింది. టాప్స్‌కు అప్పటికే ఆలస్యమైపోయింది. మళ్లీ 2023లో ఆండీ వార్హోల్ వేసిన ఒక బొమ్మ కేసులో అదే కోర్టు ఈ వెసులుబాటును కొంత బిగించింది. కాబట్టి ఇప్పుడైనా గెలుపు ఖాయమని చెప్పలేం. ఒక తమాషా ఏమిటంటే, కాపీ కొట్టారని కేసు వేసిన ఈ బొమ్మల వ్యాపారం మీదే అంతకుముందు కాపీ కేసుంది. అలాంటి బొమ్మలు మొదట చేసింది తానేనని కెంటకీకి చెందిన మార్తా నెల్సన్ థామస్ అనే కళాకారిణి జేవియర్ రాబర్ట్స్ మీద కేసు వేసింది. అదీ రాజీతోనే ముగిసింది.

చివరి ఐదు కార్డుల బాధ

ఇప్పుడు కలెక్షన్ లెక్క. మొదటి సిరీస్ 82 కార్డులు, ప్యాకెట్‌కు ఐదు. ఒక్కటి కూడా రెండోసారి రాకపోతే 17 ప్యాకెట్లతో సెట్టు పూర్తి. ఖర్చు నాలుగు డాలర్ల పాతిక సెంట్లు. ఏ పిల్లాడికీ అలా జరగదు.

అన్ని కార్డులూ సమానంగా అచ్చయ్యాయని, ప్రతి కార్డూ లాటరీ తీసినట్టు వస్తుందని అనుకుందాం. మొదట్లో వచ్చేవన్నీ కొత్తవే. సెట్టులో సగం, అంటే 41 రకాలు చేరడానికి సగటున 56 కార్డులు చాలు. ఆ తర్వాత పాతవి ఎక్కువ, కొత్తవి తక్కువ. ఆఖరి ఒక్క కార్డు మిగిలినప్పుడు, తీసే ప్రతి కార్డూ అదే అయ్యే అవకాశం 82లో ఒకటి. సగటున ఇంకో 82 కార్డులు తియ్యాలి. చివరి ఐదింటికీ కలిపి చూస్తే దాదాపు 187. సెట్టు మొత్తానికి సగటున సుమారు 409 కార్డులు, అంటే 82 ప్యాకెట్లు, ఇరవై డాలర్ల పైచిలుకు. ఇందులో దాదాపు సగం ఖర్చు ఆ ఆఖరి ఐదు కార్డుల కోసమే.

కంపెనీకి ఈ లెక్క తెలుసు. పిల్లలకు తెలియదు, కానీ విరుగుడు తెలుసు. మార్చుకోవడం. నా దగ్గర మూడున్న కార్డు నీకు లేదు, నీ దగ్గర రెండున్నది నాకు లేదు. ఇంటర్వెల్‌లో రెండు నిమిషాల్లో ఇద్దరికీ చెరో డాలరు మిగులుతుంది. మనవైపు 1980ల చివర్లో, 90ల్లో పెరిగినవాళ్లకు బిగ్ ఫన్ బబుల్‌గమ్ బొమ్మలు గుర్తుంటాయి. క్రికెటర్ల ఫొటోలు, వాటి మీద పరుగులు. గమ్ నమిలినంతసేపు కూడా ఉండేది కాదు దాని రుచి, బొమ్మ కోసమే కొనేవాళ్లం. నేనూ ఒక ఏడాది ఒక్క బొమ్మ దొరక్క, దాని కోసం పక్క సెక్షన్ వాడికి నా జామెట్రీ బాక్సులో డివైడర్ ఇచ్చేశాను. ఆ బొమ్మ ఎవరిదో ఇప్పుడు గుర్తులేదు, డివైడర్ పోయిందని ఇంట్లో పడ్డ దెబ్బలు మాత్రం గుర్తున్నాయి.

పాత కార్డుకు ధర ఎక్కణ్నుంచి వస్తుంది

పాతది కాబట్టి విలువైనది అనుకోవడం మొదటి పొరపాటు. మూడో సిరీస్ వచ్చేసరికి మోజు పతాకస్థాయికి చేరింది, కంపెనీ కుప్పలు తెప్పలుగా అచ్చేసింది. అవి ఈనాటికీ చవగ్గా దొరుకుతాయి. మొదటి సిరీస్ అలా కాదు. ఇది ఆడుతుందో లేదో తెలియనప్పుడు వేసింది. వచ్చినవాటిని పిల్లలు ఏం చేశారు? స్టిక్కర్లతో ఏం చెయ్యాలో అదే చేశారు. బీరువా తలుపులకు, లంచ్ బాక్సులకు, డెస్కుల అడుగున అంటించేశారు. టీచర్లు లాక్కుని చెత్తబుట్టలో వేశారు. జేబులో పెట్టుకున్నవి వాషింగ్ మెషీన్‌లో పోయాయి. మిగిలినవి అందుకే తక్కువ. అందులోనూ దెబ్బ తగలనివి మరీ తక్కువ.

దెబ్బ తగిలిందా లేదా చెప్పడానికే గ్రేడింగ్ కంపెనీలున్నాయి. 1991లో మొదలైన పీఎస్‌ఏ వాటిలో అందరికీ తెలిసినది. కార్డు పంపితే చూసి ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ బిళ్లలో సీలుచేసి తిరిగి పంపుతారు. ఆ బిళ్లను స్లాబ్ అంటారు. బిళ్ల లేని కార్డు "రా". చూసేవి ముఖ్యంగా నాలుగు. మూలలు, అంచులు, పైపూత, బొమ్మ మధ్యలో ఉందా లేదా.

ఈ నాలుగోది చాలామందికి అర్థం కాదు. స్కేలు పెట్టి చూడండి. ఎడమవైపు తెల్లంచు 3 మిల్లీమీటర్లు, కుడివైపు 2 అనుకోండి. మొత్తం 5లో 3 అంటే 60 శాతం, 2 అంటే 40. ఆ కార్డు 60/40. చేత్తో తాకకుండా ప్యాకెట్లోంచి నేరుగా డబ్బాలో పెట్టినా సరే, ఆ తప్పు పోదు, ఎందుకంటే అది కోత యంత్రం చేసిన తప్పు. పదికి పది ఆశించేవాళ్లకు అది గుబులు పుట్టించే అంకె. ఇక గమ్ అంటుకున్న మరక, ప్యాకెట్ కాగితం మీది మైనం అంటిన మచ్చ, స్టిక్కరు కోత దగ్గర లేచిన పొర, చెక్‌లిస్ట్ మీద పెన్నుతో పెట్టిన టిక్కులు, ఇవన్నీ మార్కులు కోసేస్తాయి. ఆ జాబితా వేసిందే పిల్లలు నింపడానికి కదా అంటే, అవును, అందుకే నింపనిది అరుదు.

మరి దొరికిన ప్రతి కార్డునూ గ్రేడింగ్‌కు పంపాలా? ఊరికే లెక్క కోసం అంకెలు వేసుకుందాం. 20 డాలర్ల "రా" కార్డుంది. గ్రేడింగు, పోస్టేజీ కలిపి 30. పదికి పది వస్తే 200కు పోతుంది, తొమ్మిదికి 60, ఎనిమిదికి 25 అనుకోండి. పది రావడానికి పదింట ఒక వంతు, తొమ్మిదికి మూడు వంతులు, ఎనిమిదికి ఆరు వంతులు అవకాశం. 20, 18, 15 కలిపితే సగటున చేతికొచ్చేది 53. పెట్టింది 50. మిగిలింది మూడు డాలర్లు. ఆన్‌లైన్‌లో అమ్మితే వాళ్ల కమిషన్ పదమూడు శాతమనుకున్నా ఏడు డాలర్లు పోతాయి, నాలుగు డాలర్ల నష్టం. పది వచ్చిన ఆ ఒక్క కార్డు ఫొటో అందరూ చూస్తారు, మిగతా తొమ్మిదీ ఎవరూ చూపించరు. అటక మీది డబ్బా గురించి వినే పుకార్లన్నీ ఆ ఒక్క ఫొటో నుంచే పుడతాయి.

ఇంకో మాట తరచూ వినబడుతుంది, "లో పాప్". ఏ కార్డుకు ఏ మార్కు ఎన్నిటికి వేశారో గ్రేడింగ్ కంపెనీలు లెక్క ప్రకటిస్తాయి. పది మార్కులవి మూడే ఉంటే అది లో పాప్. అమ్మేవాడు దీన్ని అరుదు అని చదివి వినిపిస్తాడు. కానీ ఆ మూడు అన్నది లోకంలో ఉన్నవాటి లెక్క కాదు, పంపినవాటి లెక్క. రెండు డాలర్ల కార్డును ముప్ఫై డాలర్లు పెట్టి ఎవరు పంపుతారు? పంపకపోతే లెక్క తక్కువే ఉంటుంది.

పుట్టుకతో అరుదు, పెంపకంతో అరుదు

ఒక తికమక తీర్చకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఆడమ్ బాంబ్ దొరికిందని సంబరపడేవాళ్లు ముందు కార్డు మీది చిన్నక్షరాల్లో ఏడాది చూడాలి. ఆ బొమ్మను టాప్స్ ఎన్నోసార్లు మళ్లీ అచ్చేసింది. మెరిసే లోహపు పూతతో "క్రోమ్" కార్డులుగా 2013 నుంచి వేస్తోంది. మొదటి సిరీస్‌కు దొంగ నకళ్లూ ఉన్నాయి. అసలు మొదటి సిరీస్‌లోనే నున్నగా మెరిసే పూత ఉన్నవి, లేనివి అని రెండు రకాలున్నాయి.

కొత్త సిరీస్‌లలో ఇంకో వింత. ఒకే బొమ్మకు పచ్చంచు, నీలంచు, బంగారుటంచు. ఇది 50లో ఒకటి, ఇది 5లో ఒకటి, ఇది ప్రపంచంలో ఒకే ఒక్కటి అని నంబరు వేసి మరీ అమ్ముతారు. చిత్రకారుడు చేత్తో వేసిన స్కెచ్ కార్డులు కూడా కొన్ని ప్యాకెట్లలో పెడతారు. స్కెచ్ కార్డుల సంగతి వేరు, అక్కడ నిజంగా ఒక మనిషి పని ఉంది. రంగంచులది మాత్రం ఫ్యాక్టరీలో తయారైన కరువు. 1985 కార్డు పిల్లల చేతుల్లో పడి అరుదైంది. ఇప్పటిది పిల్లల చేతుల్లో పడకముందే అరుదు. కొనేవాళ్లు వీటిని నేరుగా ప్లాస్టిక్ తొడుగులోకి ఎక్కిస్తారు కాబట్టి నలభై ఏళ్ల తర్వాత కూడా ఉన్నవన్నీ ఉంటాయి. అప్పుడు ధర ఏమవుతుందో ఊహించడానికి మూడో సిరీస్ కథ గుర్తుచేసుకుంటే చాలు.

కలెక్టర్లలోనూ దీని మీద రెండు జట్లు. స్లాబ్‌లో పెడితే నకిలీల భయం లేదు, అమ్మేటప్పుడు వాదన లేదు, కార్డు ఇంకో వందేళ్లు బతుకుతుంది అని ఒక జట్టు. కలెక్షన్ అంటే బైండర్‌లో పేజీలు తిప్పుకోవడం, వేలితో అంచు తడమడం, అవసరమైతే మార్చుకోవడం, సీలు వేశాక అది బ్యాంకు డిపాజిట్టే అని రెండో జట్టు. ఎక్కువ ధర ఉన్నదాన్ని మొదటివాళ్ల మాట విని సీలు వేయించడమే తెలివైన పని. నా డబ్బాలో అలాంటిది ఏదీ లేదు కాబట్టి నాకు ఆ టెన్షన్ లేదు.

ఆఫీసాయన అడిగిన ప్రశ్నకు జవాబు, ఒక్క మొదటి సిరీస్ కార్డూ లేదు. అన్నీ తర్వాతివే, మూలలు గుండ్రంగా అరిగినవే. రబ్బరు బ్యాండు అతుక్కున్న మెస్సీ టెస్సీ కూడా తర్వాతెప్పుడో మళ్లీ వేసినదే. కట్ట అడుగున ఒక చెక్‌లిస్ట్ కార్డుంది. నీలం బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి పెట్టిన టిక్కులు, అటువైపు బొమ్మ మీదికి కూడా ఉబికి కనిపించేంత గట్టిగా. గ్రేడింగ్ లెక్కలో దాని విలువ సున్నా. లైటు కింద పెట్టి వరసగా లెక్కపెట్టాను. ఇంకా ఐదు గళ్లు ఖాళీ.